రక్తపూత నుంచి అంకె దాకా

జ్వరంతో ఉన్న మనిషి వేలికి సూది గుచ్చి గాజు స్లైడు మీద రెండు పూతలు తీస్తారు. ఒకటి దళసరిగా, చిన్న బొట్టంత. రెండోది పల్చగా, చివరికి ఈకలా సన్నబడుతూ. పాడేరు ఏజెన్సీలోనూ, ములుగు, కొత్తగూడెం అడవి పల్లెల్లోనూ వానాకాలం వచ్చిందంటే ఇల్లిల్లూ తిరిగి సేకరించే రక్తపూతలు ఇవే. పరాన్నజీవి తేటగా కనపడేలా వేసే గీమ్సా రంగు పట్టి, ఆరి, లెన్సు కింద నూనె చుక్క పడ్డాక ల్యాబ్ టెక్నీషియన్ ఒక్కో ఫీల్డూ, అంటే లెన్సులో ఒకేసారి కనపడే మేర, జరుపుకుంటూ మలేరియా పరాన్నజీవి కోసం వెతుకుతారు. కనీసం 100 ఫీల్డులు చూశాకే ‘నెగెటివ్’ అని రాయాలన్నది నియమం.

ఈ పనిని యంత్రానికి అప్పజెప్పే ప్రయత్నం చాలా ఏళ్లుగా సాగుతోంది. మైక్రోస్కోపుకి కెమెరా వచ్చింది. స్లైడును తనంతట తానే జరిపే మోటారు వచ్చింది. ఫొటోలోంచి కణాలను ఏరి లెక్కపెట్టే ప్రోగ్రాములూ వచ్చాయి. వార్తల్లోకి ఎక్కేది మాత్రం తరచూ ఒక్క అంకే: ‘99 శాతం కచ్చితత్వం’. ఆ 99 దేనిలో 99, ఎందరి రక్తంలో, ఎలాంటి స్లైడు మీద అన్న ప్రశ్నలు వెనకబడిపోతాయి. మలేరియా పూతనే పట్టుకుని ఈ అంకె పుట్టుక వెతికితే, జీవవైద్య పరిశోధనలో డిజిటల్ మైక్రోస్కోపీ ఎక్కడ నిజంగా మేలు చేస్తుందో, ఎక్కడ మనల్ని తప్పుదారి పట్టిస్తుందో రెండూ తెలుస్తాయి. పెద్ద తప్పులు చాలావరకు ప్రోగ్రాము బయటే పుడతాయి. కొన్ని అంతకు ముందు, పూత తీసి రంగు వేసేచోట. మిగతావి ఆ తర్వాత, దేన్ని ‘ఒకటి’గా లెక్కించాలో తేల్చేచోట.

సికింద్రాబాద్‌కు ఈ కథలో సొంత చోటుంది. 1897 ఆగస్టు 20న బేగంపేటలో బ్రిటిష్ సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ ఒక దోమను కోసి చూస్తున్నాడు. హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగి రక్తం తాగిన దోమ అది, మచ్చల రెక్కలది. మైక్రోస్కోపు మరలు చెమటకు తుప్పు పట్టాయి, మిగిలిన ఒక్క ఐపీసూ పగిలి ఉంది. పంకా వేస్తే దోమలు ఎగిరిపోతాయని ఉక్కలోనే కూర్చున్నాడు. దోమ కడుపు గోడలో కొన్ని గుండ్రటి కణాలు, వాటిలో నల్లటి రేణువులు కనపడ్డాయి. ఆ రేణువులు మలేరియా పరాన్నజీవి రక్తంలోని హిమోగ్లోబిన్‌ను తిన్నాక మిగిలే రంగుపదార్థం. ఆ పరిశోధనకే ఆయనకు 1902లో నోబెల్ వచ్చింది.

ఇందులో సాధారణంగా పక్కకు పోయే విషయం ఒకటుంది. ఆ రేణువులను రాస్ గుర్తుపట్టగలిగింది కళ్లు చురుకైనవి కావడం వల్ల మాత్రమే కాదు. అంతకుముందు రెండేళ్లుగా ఎన్నో దోమలను కోసి, ఏమీ లేని దోమ కడుపు ఎలా ఉంటుందో ఆయన కంఠతా పట్టేశాడు. ఉండకూడనిది ఉన్నప్పుడు కంటికి తగలాలంటే, మామూలుగా ఉండేది ముందు కంటికి అలవాటవ్వాలి. నేటి ప్రోగ్రాములకూ ఇదే వర్తిస్తుంది. పరాన్నజీవి ఉన్న చిత్రాలు వేలకొద్దీ చూపించి, లేని చిత్రాల్లో వచ్చే రకరకాల మచ్చలను కొద్దిగానే చూపిస్తే, ఆ ప్రోగ్రాము ప్రతి మచ్చనూ అనుమానిస్తుంది.

ఆ మచ్చలు ఎక్కడివో దగ్గరగా చూడాలి. గీమ్సా రంగును కలిపే నీటి పీహెచ్ 7.2 దగ్గర ఉండాలి. నీరు ఆమ్లం వైపు జరిగితే పూత గులాబీ రంగుకు తిరుగుతుంది, మలేరియాలో వైవాక్స్ రకాన్ని గుర్తుపట్టడానికి అక్కరకొచ్చే షుఫ్‌నర్ చుక్కలు తేలవు. రంగు వడకట్టకుండా వాడితే నలుసులు పేరుకుని, నీలి, ఊదా చుక్కలుగా పూతంతా పరుచుకుంటాయి. స్లైడు సరిగా కడగకపోతే జిడ్డు మరకలు వస్తాయి. వీటన్నిటికంటే మాయదారిది ప్లేట్‌లెట్. అది ఎర్రకణం మీద కూర్చుంటే అచ్చం ఫాల్సిపారం రకం పరాన్నజీవి తొలి దశలో తీసుకునే ఉంగరం ఆకారంలాగే కనపడుతుంది. అదే ఊదా రంగు, దాదాపు అంతే పరిమాణం. ఎర్రకణం అడ్డుకొలత ఏడెనిమిది మైక్రాన్లు, ఉంగరం ఒకటి రెండు మైక్రాన్లు. నీలి చుట్టు, దాని అంచున ఎర్రటి చుక్క, ఇంతే ఆనవాలు.

అంత చిన్న ఆనవాలును కెమెరా ఎంతవరకు నిలబెడుతుంది? కాంతికే ఒక హద్దుంది. 1873లో ఎర్న్‌స్ట్ అబ్బే చెప్పిన సూత్రం ప్రకారం, 550 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతితో, 1.25 న్యూమరికల్ అపెర్చర్ (లెన్సు ఎంత వెడల్పు కోణంలో కాంతిని అందుకోగలదో చెప్పే అంకె) ఉన్న ఆయిల్ ఇమ్మర్షన్ లెన్సుతో, అంటే నూనె చుక్కలో ముంచి చూసే లెన్సుతో చూస్తే, 220 నానోమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కలు ఒకటిగా కలిసిపోతాయి. ఆ వివరం ఫొటోలో పోకుండా ఉండాలంటే ఒక్కో పిక్సెల్ స్లైడు మీద సుమారు 110 నానోమీటర్లకు మించి చోటు ఆక్రమించకూడదు. పిక్సెళ్లు ఇంకా పెంచితే ఫైలు బరువెక్కుతుందే తప్ప కొత్త వివరమేమీ రాదు. ‘ఇన్ని మెగాపిక్సెళ్ల కెమెరా’ అనే ప్రచారానికి మైక్రోస్కోపు దగ్గర పెద్దగా విలువ లేకపోవడానికి కారణం ఇదే. లెన్సు ఇవ్వని వివరాన్ని సెన్సర్ తీసుకురాలేదు.

ఫొటోను దాచే పద్ధతిలోనూ నష్టం ఉంది. ల్యాబ్ కెమెరాలు చాలావాటిలో వెలుగును 4,096 మెట్లలో కొలిచే 12 బిట్ సెన్సర్లు ఉంటాయి. మామూలు జేపెగ్ ఫైలులో మిగిలేవి 256 మెట్లే. పైగా జేపెగ్ వెలుగు నీడలను బాగానే కాపాడి, రంగును మాత్రం ముతకగా దాస్తుంది. మనిషి కన్ను రంగులోని సన్నని తేడాలను అంతగా పట్టించుకోదన్న లెక్క మీద కట్టిన పద్ధతి అది. పెళ్లి ఫొటోకు ఇది సరిపోతుంది. ఉంగరంలోని ఎర్రచుక్క మాత్రం ఐదారు పిక్సెళ్ల వస్తువు, దాని గుర్తింపంతా రంగులోనే ఉంది. పరిశోధనకు వాడే చిత్రాన్ని నష్టం లేని ఫైలుగానే దాచాలని పట్టుబట్టేవారిది చాదస్తం కాదు.

ఇక లోతు సంగతి. ఆయిల్ లెన్సు కింద ఒకేసారి తేటగా కనపడే పొర మందం ఒక మైక్రాన్ కూడా ఉండదు. దళసరి పూత అంతకు ఎన్నో రెట్లు మందం. అందుకే అనుభవమున్న టెక్నీషియన్ చెయ్యి ఫైన్ ఫోకస్ మర మీది నుంచి లేవదు. చూస్తున్నంతసేపూ వేలు ఆ మరను అటూ ఇటూ సన్నగా తిప్పుతూనే ఉంటుంది. ఒకే చోట ఆపి తీసిన ఫొటోలో ఆ కదలిక పోతుంది. మంచి యంత్రాలు ఒక్కో ఫీల్డును పైనుంచి కిందికి పలు పొరలుగా తీస్తాయి. సమయమూ నిల్వా అన్ని రెట్లు పెరుగుతాయి కాబట్టి చవక పరికరాల్లో మొదట కోతపడేది ఇదే.

ఇప్పుడు లెక్క. దళసరి పూతలో పరాన్నజీవుల సాంద్రత తేల్చడానికి వాడుకలో ఉన్న పద్ధతి ఇది: 200 తెల్లకణాలు లెక్కయ్యేలోపు ఎన్ని పరాన్నజీవులు కనపడ్డాయో చూసి, ఆ సంఖ్యను 40తో గుణిస్తారు. మైక్రోలీటరు రక్తంలో 8,000 తెల్లకణాలు ఉంటాయన్న ఊహే ఆ 40కి ఆధారం. 50 కనపడితే మైక్రోలీటరుకు 2,000 అన్నమాట. జ్వరంలో ఉన్న రోగికి తెల్లకణాలు 4,000కి పడిపోయి ఉంటే అసలు సంఖ్య 1,000 మాత్రమే. ప్రోగ్రాము ఒక్క పరాన్నజీవినీ వదలకుండా లెక్కపెట్టినా సరే, చివర్లో ఆ 40తో గుణించినప్పుడు సమాధానం రెండింతలవుతుంది. కంప్యూటర్ తెర మీద దశాంశాలతో సహా కనపడే అంకెకు ఎంత పాత ఊహ ఆధారమై ఉండొచ్చో చెప్పడానికి ఇంతకంటే తేలికైన ఉదాహరణ లేదు.

అయితే యంత్రం నిజంగా గెలిచే చోటు కూడా ఈ లెక్కలోనే ఉంది. మైక్రోలీటరుకు 40 పరాన్నజీవులే ఉన్న మనిషిని తీసుకుందాం. పైకి జ్వరం కూడా లేకుండా తిరుగుతూ, దోమల ద్వారా ఊరంతటికీ మలేరియా పంచగలిగే మనిషి. 200 తెల్లకణాల మేర చూస్తే సగటున దొరికేది ఒక్క పరాన్నజీవి. సగటు ఒకటి అంటే ప్రతిసారీ ఒకటి దొరుకుతుందని కాదు. యాదృచ్ఛిక పంపిణీ లెక్క ప్రకారం 37 శాతం సార్లు ఒక్కటీ దొరకదు. ఎంత నిపుణుడు చూసినా దొరకదు, ఎందుకంటే ఆ మేరలో అది లేదు. అదే 1,000 తెల్లకణాల మేర చూస్తే సగటు 5కు పెరుగుతుంది, ఒక్కటీ దొరకని అవకాశం వెయ్యికి ఏడుకు పడిపోతుంది. 100 ఫీల్డులు చూడమనడంలోని అర్థం ఇదే. మధ్యాహ్నం దాటాక, ముప్ఫయ్యో స్లైడు దగ్గర, 40 ఫీల్డులకే చెయ్యి ఆగిపోవడం మనిషికి సహజం. మోటారుకు ఆ అలసట లేదు. యంత్రం చూపు టెక్నీషియన్ చూపు కంటే పదునైనది కానక్కర్లేదు. చూపు కాస్త మొద్దైనా, ఐదింతల మేర చూడగలిగితే అసలు జబ్బు దొరికే అవకాశం పెరుగుతుంది.

అలసట విషయం మలేరియాకే పరిమితం కాదు. నెదర్లాండ్స్ పరిశోధకుల ఆధ్వర్యంలో జరిగి 2017లో ఫలితాలు అచ్చయిన కెమెలియన్16 పోటీ ఇక్కడ చెప్పుకోవాలి. రొమ్ము క్యాన్సర్ లింఫ్ గ్రంథులకు పాకిందో లేదో 129 స్లైడుల్లో తేల్చాలి. తప్పే లేకుండా తేలిస్తే 1, బొమ్మాబొరుసు వేసినట్లు తేలిస్తే 0.5 వచ్చే కొలమానంలో, అన్నిటికన్నా మెరుగైన ప్రోగ్రాముకు 0.994 వచ్చింది. సుమారు రెండు గంటల వ్యవధిలో ముగించాల్సి వచ్చిన 11 మంది పెథాలజిస్టుల సగటు 0.810. ‘యంత్రం డాక్టర్లను ఓడించింది’ అన్న శీర్షికలకు ఇది చాలు. అదే అధ్యయనంలో మరో పెథాలజిస్టు గడువు లేకుండా, దాదాపు 30 గంటలు పట్టి అవే స్లైడులు చూశారు. వచ్చింది 0.966. పోటీ ఎక్కువగా గడియారంతో జరిగింది. అందులో ప్రోగ్రాము గొప్పదనానికి వచ్చిన లోటేమీ లేదు, రోజూ వందల స్లైడులు చూడాల్సిన ఆసుపత్రిలో గడియారమే అసలు సమస్య. కానీ శీర్షిక చెప్పిన విషయమూ, అధ్యయనం చూపిన విషయమూ ఒకటి కావు.

మళ్లీ 99 దగ్గరికి వద్దాం. ఒక్కో ఎర్రకణాన్నీ చూసి ‘పరాన్నజీవి ఉంది’, ‘లేదు’ అని చెప్పే ప్రోగ్రాము ఉందనుకుందాం. దాని తప్పు వెయ్యి కణాలకు ఒకటి, అంటే 99.9 శాతం సరైనది. ఏ జబ్బూ లేని మనిషి పల్చటి పూతలో 10,000 ఎర్రకణాలు చూపిస్తే, అది 10 కణాల్లో పరాన్నజీవి ఉందంటుంది. ఇప్పుడు మైక్రోలీటరుకు 5,000 పరాన్నజీవులున్న రోగిని తీసుకుందాం. మైక్రోలీటరులో 50 లక్షల ఎర్రకణాలు ఉంటాయి కాబట్టి ఇది 0.1 శాతం. 10,000 కణాల్లో నిజంగా సోకినవి 10. అంటే ఆరోగ్యవంతుడి స్లైడులో లేకున్నా ఉన్నాయన్నవి పది, రోగి స్లైడులో నిజంగా ఉన్నవి పది. రోగి లెక్కకూ అలాంటి తప్పుడువి ఇంకో పది కలుస్తాయి నిజమే, కానీ సాంద్రత ఇంకా తగ్గేకొద్దీ ఇద్దరి మధ్య తేడా చెదిరిపోతుంది. వినడానికి దాదాపు దోషం లేనట్టున్న 99.9 శాతం, నిర్ధారణ దగ్గరికి వచ్చేసరికి ఇంత బలహీనం. కణం స్థాయిలో చెప్పిన కచ్చితత్వాన్ని మనిషి స్థాయి కచ్చితత్వంగా చదవడం ఈ రంగంలో చాలా తరచుగా జరిగే పొరపాటు.

దీనికి తోబుట్టువు లాంటి పొరపాటు ఇంకొకటి. మలేరియా ప్రోగ్రాములు నేర్చుకోవడానికి ప్రపంచమంతా వాడే చిత్రాల సముదాయం ఒకటుంది. బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్ వైద్య కళాశాల ఆసుపత్రిలో తీసిన స్లైడులను, మైక్రోస్కోపుకి తగిలించిన స్మార్ట్‌ఫోన్‌తో ఫొటోలు తీసి, అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం అందరికీ ఉచితంగా అందుబాటులో పెట్టింది. 27,558 కణాల చిత్రాలు, సగం సోకినవి, సగం సోకనివి. ఎంతో మేలు చేసిన సముదాయం అది. హైదరాబాద్‌లోని ఏ ఇంజినీరింగ్ విద్యార్థి అయినా ఒక సాయంత్రంలో దింపుకుని ప్రయోగం చేయగలడు. అయితే ఆ 27,558 కణాల వెనక ఉన్నది దాదాపు 200 మంది మనుషులే. కణాలన్నిటినీ కలిపి పేకముక్కల్లా కలిపేసి, కొన్నిటితో నేర్పించి మిగతావాటితో పరీక్షిస్తే, ఒకే మనిషి కణాలు రెండు వైపులా పడతాయి. ఆ మనిషి పూత రంగు, మందం, ఆ రోజు వెలుగు ప్రోగ్రాముకు ముందే పరిచయం. అప్పుడు వచ్చే మార్కులు పరీక్ష పేపరు ముందే చూసిన పిల్లవాడి మార్కులు. మనుషులవారీగా విడదీసి పరీక్షిస్తే అంకె తగ్గుతుంది, నమ్మకం పెరుగుతుంది. మూడు ఎలుకల నుంచి 5,000 కణాలు కొలిచి ‘5,000 నమూనాలు’ అని రాసే పరిశోధన పత్రాల్లో ఉన్నదీ ఇదే దోషం. అక్కడ నమూనాలు మూడే.

పనిముట్ల విషయానికొస్తే, ఈ తరానికి కొరత లేదు. నొబుయుకి ఒట్సు 1979లో చెప్పిన పద్ధతి, చిత్రంలో వస్తువు ఏదో నేపథ్యం ఏదో వెలుగు మెట్లను బట్టి విడదీయడం, ఇప్పటికీ చాలాచోట్ల మొదటి అడుగు. 1997లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నుంచి వేన్ రాస్‌బాండ్ తెచ్చిన ఇమేజ్‌జే, 2006లో వెలువడిన సెల్‌ప్రొఫైలర్, జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో 2015లో పుట్టిన యూ-నెట్, ఆ తర్వాతి సెల్‌పోజ్, చిత్రాల్లోంచి కణాలను ఏరి కొలిచే ఈ ప్రోగ్రాములన్నీ ఉచితమే. ఒకదానికొకటి అంటుకున్న కణాలను విడదీయడం ఒకప్పుడు నెలల శ్రమ, ఇప్పుడు ఒక పూట పని.

ఈ పనిముట్ల వల్ల ప్రశ్నలే మారిపోయాయి. ‘సెల్ పెయింటింగ్’ అనే పద్ధతిలో ఆరు రంగులు వేసి, ఐదు ఛానెళ్లలో, అంటే ఐదు వేర్వేరు రంగుల కాంతిలో విడివిడిగా, ఫొటోలు తీసి, కణంలోని ఎనిమిది భాగాలను ఒకేసారి చూస్తారు. ఒక్కో కణం నుంచి సుమారు 1,500 కొలతలు వస్తాయి. ఒక మందు కణాన్ని ఏం చేస్తుందో ముందే ఊహించి ఆ ఒక్కదాన్నే కొలవాల్సిన పనిలేదు. కణం ఆకారంలో ఏ మార్పు వచ్చినా నమోదవుతుంది, ఒకే తీరు మార్పు తెచ్చే మందులు ఒక గుంపుగా చేరతాయి. అయితే ఇక్కడా ముందుగా అడ్డుపడేది కణాలను పెంచే గుంటల ప్లేటే. 384 గుంటల ప్లేటులో అంచున ఉన్న గుంటల్లో నీరు కాస్త ముందే ఆవిరవుతుంది, ఆ కణాల రూపు మారుతుంది. మందులు వేసిన గుంటలన్నీ అంచున, వేయనివి మధ్యన ఉంటే ప్రోగ్రాము మందు ప్రభావాన్ని కాక ఆవిరి ప్రభావాన్ని కనిపెడుతుంది, అదీ ఎంతో నమ్మకంగా.

పెథాలజీలో ఈ జాడ ఇంకా లోతుగా ఉంది. ఎన్నో ఆసుపత్రుల క్యాన్సర్ నమూనాలను ఒకచోట చేర్చిన అమెరికా క్యాన్సర్ జీనోమ్ అట్లాస్ స్లైడులను పరిశీలించి 2021లో అచ్చయిన అధ్యయనం ఒకటి, కణజాలం ఏ ఆసుపత్రి నుంచి వచ్చిందో స్లైడు చిత్రం చూసే ప్రోగ్రాములు చెప్పగలుగుతున్నాయని చూపింది. ఒక్కో చోట రంగు వేసే తీరు వేరు, స్కానర్ వేరు. రంగులను సవరించి సమం చేసినా ఆ ముద్ర పూర్తిగా చెరగలేదు. ఒక ఆసుపత్రికి ముదిరిన రోగులే ఎక్కువగా వస్తుంటే, ప్రోగ్రాము ఆసుపత్రిని గుర్తుపట్టి రోగి ఆయుష్షును చెప్పినట్టు కనపడుతుంది. రేపు ఆ ప్రోగ్రామును వరంగల్‌లోనో గుంటూరులోనో తీసిన స్లైడు మీద పెడితే అది నేర్చుకున్న ఆనవాలు అక్కడ ఉండదు. వేరే ఊరి, వేరే స్కానర్ స్లైడుల మీద పరీక్షించని ఫలితాన్ని సగం ఫలితంగానే చూడాలి.

మలేరియాలో అలాంటి బయటి పరీక్ష జరిగింది. రక్తపూతలను తనంతట తానే చూసి మలేరియా తేల్చే ఈజీస్కాన్ గో అనే యంత్రాన్ని 11 దేశాల్లో పరీక్షించిన ఫలితాలు 2022లో వచ్చాయి. జబ్బున్నవారిని పట్టడంలో సుమారు 91 శాతం, లేనివారిని లేరని చెప్పడంలో సుమారు 76 శాతం. లేని పరాన్నజీవిని ఉందనడమే పెద్ద సమస్య అయింది. బాగా తీసిన, బాగా రంగు పట్టిన స్లైడులను మాత్రమే లెక్కలోకి తీసుకుంటే ఆ 76 సుమారు 85కు పెరిగింది. ప్రోగ్రాములో ఒక్క వరుస కూడా మార్చకుండా వచ్చిన పెరుగుదల అది. రంగు వడకట్టడానికి, నీటి పీహెచ్ చూడటానికి, స్లైడు కడగడానికి పెట్టే ఖర్చు కొత్త యంత్రం ధరలో ఎన్నో వంతో ఆరోగ్య శాఖలు ఒకసారి లెక్క వేసి చూడాలి.

ఈ పనిలో ఇప్పటికి బాగా కుదురుతున్న పద్ధతి యంత్రమూ మనిషీ కలిసి చేయడం. తెల్లకణాలను రకాలవారీగా వేరుచేసే స్వీడన్ సంస్థ సెల్లావిజన్ యంత్రాలు చాలాకాలంగా అలాగే పనిచేస్తున్నాయి. యంత్రం కణాలను ఏరి, వరుసలుగా తెర మీద పేరుస్తుంది. మనిషి చూసి ఒప్పుకుంటాడు, లేదా దిద్దుతాడు. మలేరియాకూ ఇది సరిపోతుంది. వందల ఫీల్డులు వెతికే చాకిరీ మోటారుది, అనుమానం ఉన్న ఇరవై ముప్ఫై చిన్న బొమ్మలు చూసి తేల్చడం టెక్నీషియన్‌ది. అయితే ఆ బొమ్మను ఒకే పొరగా చూపిస్తే టెక్నీషియన్ చేతిలోని ఫైన్ ఫోకస్ మరను లాక్కున్నట్టే. ఒక్కో అనుమానానికి ఐదారు పొరలు కలిపి ఇచ్చి, మౌస్ చక్రంతో పైకీ కిందికీ జరుపుకోనిస్తే చాలు. ప్లేట్‌లెట్ ఎర్రకణం మీద కూర్చుని ఉంటుంది కాబట్టి కణం కంటే కాస్త పై పొరలో తేటపడి, చుట్టూ సన్నని తెల్లటి అంచు చూపిస్తుంది. పరాన్నజీవి కణం లోపల ఉంటుంది కాబట్టి కణంతోపాటే తేటపడి, కణంతోపాటే మసకబారుతుంది.